మౌస్ కదిపితే కీచుమనే పాత 5.1 స్పీకర్లు: యూఎస్‌బీ సౌండ్ కార్డుతో నా అనుభవం

ఈ సౌండ్ కార్డు డబ్బా మీద నా కోపమంతా ఒక్క చప్పుడు గురించే.

కొత్త మినీ పీసీకి ఉన్నది ఒకే హెడ్‌ఫోన్ జాక్. నా పాత 5.1 సెట్టుకేమో (ఐదు స్పీకర్లు, ఒక సబ్‌వూఫర్) ఆకుపచ్చ, నలుపు, నారింజ, మూడు పిన్నులు. బెంగళూరు ఎస్పీ రోడ్డు ఎలక్ట్రానిక్స్ షాపుల్లో అడిగితే ‘సౌండ్‌బార్ తీసుకోండి సార్’ అన్నవాళ్లే ఎక్కువ. చివరికి 5.1 సౌండ్ ఇచ్చే సీఎం6206 చిప్ ఉన్న ఈ యూఎస్‌బీ కార్డు దొరికింది. సెట్టింగ్స్‌లో 5.1 పెట్టి టెస్ట్ నొక్కగానే వెనక స్పీకర్ పలికింది. ఆ పూట నా ఆనందం చూడాలి!

పాట ఆపాక మొదలైంది గుయ్‌మని. మౌస్ కదిపితే దానికి తోడు సన్నగా కీచుమని ఇంకోటి. రిపేరు షాపతను సబ్‌వూఫర్‌లో ట్రాన్స్‌ఫార్మర్ పోయిందన్నాడు. కానీ అవే వైర్లు ఫోన్‌కి పెడితే చప్పుడే లేదు. అంటే స్పీకర్లు బాగానే ఉన్నాయి. పీసీ ఒక గోడ సాకెట్‌లో, సబ్‌వూఫర్ ఇంకో గోడ సాకెట్‌లో ఉండటంతో రెండు ఎర్త్‌ల మధ్య తేడా వల్ల కరెంటు ఆడియో వైరు గుండా పారుతోంది. ‘ఎర్త్ పిన్ను విరిచెయ్యి బావా, పోతుంది’ అన్నాడు మా బావమరిది. చప్పుడు పోతుందేమో గానీ, షాక్ కొడితే మనమే పోతాం. రెండూ ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డుకి పెట్టాను, గుయ్‌మనడం దాదాపు ఆగిపోయింది.

కీచుమనేది మాత్రం వదల్లేదు. అది యూఎస్‌బీ పవర్‌తో పాటు వస్తున్న గోల. మధ్యలో యూఎస్‌బీ ఐసొలేటర్ (పీసీకి, కార్డుకి మధ్య కరెంటు లింకు తెంచి డేటాని మాత్రం పంపేది) పెడితే గానీ పోలేదు. చవక ఐసొలేటర్ల వేగం 12 ఎంబీపీఎస్ (సెకనుకు మెగాబిట్లు) మించదు. ఆరు చానళ్లు, 16 బిట్, 48 కిలోహెర్ట్జ్ లెక్కేస్తే ఐదు కూడా దాటదు కాబట్టి సరిపోయింది. కాకపోతే డబ్బా కంటే దానికే ఎక్కువ ఖర్చయింది, అసలు కంటే కొసరే ఎక్కువన్నట్టు.

వెనక స్పీకర్ల సంగతి: నేను ఎక్కువగా వినే యూట్యూబ్ పాటలన్నీ స్టీరియోనే (కుడి, ఎడమ రెండే చానళ్లు), అప్పుడు అవి మూగనోము పడతాయి. 5.1 ఆడియో ఉన్న సినిమా ఫైళ్లకే వాటి పని. పీసీ స్లీప్ నుంచి లేచాక అప్పుడప్పుడు కార్డు కనపడదు, పీకి మళ్లీ పెట్టాలి.

హాల్లో గోడ లోపల వైర్లు వేయించుకున్నవాణ్ణి కాబట్టి నాకు ఇది గిట్టుబాటే. మారతహళ్లిలో ఏడాదికో అద్దె ఇల్లు మారేవాళ్లకి చెప్పను. 2.1 సెట్టు ఉన్నవాళ్లకి అసలు అక్కర్లేదు, ఆ ఒక్క ఆకుపచ్చ పిన్ను నేరుగా హెడ్‌ఫోన్ జాక్‌లోనే పడుతుంది.