తీరప్రాంతంలో అప్‌రైట్ పియానో: చాలాకాలం వాడాక టచ్ ఎలా ఉందంటే

సముద్రపు గాలి తగిలే గదిలో రోజూ మోగే 121 సెం.మీ. అప్‌రైట్ (నిలువు పియానో) ఇది. శ్రుతి నిలవడంలో వంక పెట్టడానికేమీ లేదు. టచ్ (కీ వేలికి స్పందించే తీరు) సంగతి వేరు.

గట్టిగా వాయిస్తే ఏ పియానో అయినా పలుకుతుంది, పరీక్షంతా మెల్లగా వాయించినప్పుడే. కీ 10 మి.మీ. దిగితే తీగను కొట్టే సుత్తి, అంటే హ్యామర్, సుమారు 45 మి.మీ. కదులుతుంది. తీగకు ఇంకో 3 మి.మీ. ఉందనగా హ్యామర్‌ని తోసే జాక్ పక్కకు తప్పుకుంటుంది, మిగతా దూరం హ్యామర్ తన ఊపుతోనే వెళ్లాలి. ఆ 3 కాస్తా 5 అయితే మెల్లగా నొక్కిన స్వరం పలకనే పలకదు. మరీ తగ్గితే హ్యామర్ తీగను రెండుసార్లు కొడుతుంది, లేదా తీగకే అతుక్కుని నాదాన్ని నొక్కేస్తుంది.

వాడేకొద్దీ ఫెల్ట్ (మెత్తటి ఉన్ని పొర) అణిగిపోయి కీకి, యాక్షన్‌కి (హ్యామర్‌ని కదిపే యంత్రాంగానికి) మధ్య సందు పడుతుంది. కీ మొదట కొంత ఖాళీగా దిగుతుంది, హ్యామర్ మాత్రం కదలదు. నా లెక్కలో అప్‌రైట్ టచ్‌ని పాడుచేసేది కీ బరువు కన్నా ఈ సందే. కీ వెనక కొసన యాక్షన్‌ని మోసే క్యాప్‌స్టన్ స్క్రూ కొద్దికొద్దిగా పైకి తిప్పితే సందు పోతుంది. అతిగా తిప్పారో, జాక్ మళ్లీ తన చోటికి రాదు, రెండో దెబ్బకు స్వరం ఎగిరిపోతుంది. ఎడమ పెడల్ కూడా హ్యామర్లను తీగల దగ్గరకు జరిపి ఇదే సందు తెస్తుంది. శబ్దం తగ్గుతుంది నిజమే, వేలికి పట్టు మాత్రం పోతుంది. అందుకే దాన్ని నేను దాదాపు వాడను.

బరువు చూడాలంటే కుడి పెడల్ తొక్కిపట్టి, మధ్య కీ అంచున పది రూపాయల నాణేలు పేర్చండి. ఒక్కోటి సుమారు 7.7 గ్రాములు. ఆరేడింటికి కీ నెమ్మదిగా దిగితే బాగున్నట్టే. పెడల్ వదిలేస్తే సగం దారిలో డ్యాంపర్ (తీగ మోతను ఆపే దిమ్మ) బరువు తోడై లెక్క తప్పుతుంది.

ఒకే స్వరాన్ని గబగబా కొట్టడంలో ఇది గ్రాండ్‌కి (తీగలు అడ్డంగా పరిచిన పెద్ద పియానోకి) పోటీ కాదు. పియానో తయారీదారు ఎరార్ 1821లో పేటెంట్ తీసుకున్న డబుల్ ఎస్కేప్‌మెంట్ (కీ పూర్తిగా లేవకముందే మళ్లీ కొట్టనిచ్చే ఏర్పాటు) మామూలు అప్‌రైట్‌లో ఉండదు కాబట్టి కీ దాదాపు పూర్తిగా లేవాల్సిందే.

వానాకాలంలో కీలు బిగుస్తాయి. కీని పక్కలకు కదిపి చూడండి. ఆడకపోతే కీ రంధ్రంలోని బుషింగ్ ఫెల్ట్ ఉబ్బినట్టు. కీ హాయిగా ఆడుతూ హ్యామర్ బద్ధకంగా వెనక్కి వస్తే తప్పు హ్యామర్ తిరిగే ఇరుసు, అంటే సెంటర్ పిన్ దగ్గర. నూనె మాత్రం పోయకండి, ఫెల్ట్ పీల్చుకుని ఇంకా బిగుస్తుంది. ట్యూనర్‌ని పిలిచేటప్పుడు శ్రుతితో పాటు రెగ్యులేషన్ (పైన చెప్పిన సందులు, దూరాలు సరిచేయడం) కూడా కావాలని ముందే చెప్పండి. అది గంటలు పట్టే పని, కూలీ కూడా వేరే.