ఆటోనగర్ యాక్రిలిక్ షాపు: మూత దగ్గర లీకు, మిగతా పని బాగుంది

విజయవాడ పటమట నుంచి ఆటోనగర్‌లోకి వెళ్తే లేత్ వర్క్‌షాపుల వరసలో ఉంటుందీ షాపు. కాస్త సణుగుడు ఉంది కాబట్టి పేరు రాయడం లేదు. ఎక్కువగా నేమ్‌బోర్డులు, షీల్డులు చేస్తారు. నేను చేయించుకున్నది మాత్రం 45 సెంటీమీటర్ల ఎత్తున్న తొట్టె, దాంట్లో ఇసుకలోకి దించడానికి 10 సెంటీమీటర్ల వ్యాసంతో ఒక బోర్లించిన బకెట్.

నేను సివిల్ పాఠాలు చెబుతాను. సముద్రంలో విండ్ టర్బైన్లకు పునాది ఎలా దింపుతారో ఫైనలియర్ పిల్లలకు చూపించాలనిపించింది. ఎక్కువ చోట్ల మోనోపైల్ అనే లావుపాటి ఉక్కు గొట్టాన్ని హైడ్రాలిక్ సుత్తితో కొడతారు. సక్షన్ బకెట్ అనే, బోర్లించిన బకెట్ లాంటి పునాదికి సుత్తితో పనిలేదు. తన బరువుకు తానే కొంత దిగుతుంది, ఆపైన లోపలి నీళ్లు పంపుతో తోడేస్తుంటే బయటి నీటి ఒత్తిడి దాన్ని కిందికి నొక్కేస్తుంది. స్కాట్లాండ్‌లో అబర్డీన్ తీరాన 2018లో 11 టర్బైన్లను ఇలాంటి బకెట్ల మీదే నిలబెట్టారు. ఇదంతా విని షాపాయన, "గ్లాసు నోటికి పెట్టుకుని గాలి పీలిస్తే మూతికి అతుక్కుంటుంది, అదేగా మేడమ్" అన్నారు. అదే.

వారంలో ఇస్తానని పద్దెనిమిది రోజులు తిప్పారు. సరే, తెచ్చుకుని, ఇల్లు కట్టినప్పుడు మిగిలిన కృష్ణా ఇసుక జల్లించి పోసి, సిరంజితో నీళ్లు లాగితే బకెట్ కదల్లేదు. సిరంజి తగిలించే గొట్టంలోకి ఊది బకెట్‌ని నీళ్లలో ముంచాను, సైకిల్ ట్యూబు పంక్చర్ చూసినట్టు. క్లోరోఫాంతో అతికించిన మూత అంచున సన్నని బుడగలు.

తీసుకెళ్తే వాదించలేదు. మూత కొత్తగా కోసి అతికించారు. పైగా 3 మిల్లీమీటర్ల గోడ ఇసుకలోకి మొండిగా దిగుతుందని ఆయనే కింది అంచును ఏటవాలుగా చెక్కారు. అసలు బకెట్లలో వ్యాసంతో పోలిస్తే గోడ చాలా పల్చన, నాకే తట్టలేదా మాట. ఎక్స్‌ట్రా అడగలేదు.

ఈసారి దిగింది. బయటి నీరు గోడ అడుగు నుంచి చుట్టుకుని లోపలికి ఎక్కుతూ ఆ అంచు దగ్గర ఇసుకను వదులు చేస్తుంది, అందుకే గోడ తేలిగ్గా దిగుతుంది. ఒక కుర్రాడు తొందరపడి సిరంజి మొత్తం ఒక్కసారే లాగేశాడు. లోపల ఇసుక పాలు పొంగినట్టు పొంగింది, గోడ పక్కనే సొరంగం పడింది, ఇక ఎంత లాగినా నీళ్లే. అది చూశాక వాళ్లకి పంపు మెల్లగా ఎందుకు నడుపుతారో వేరే చెప్పనక్కర్లేకపోయింది.

ఈ తొట్టెలో వచ్చిన లెక్కల్ని సముద్రానికి అంటగట్టకండి. ఇసుక గట్టితనం దానిమీది బరువును బట్టి మారుతుంది, అందుకే పరిశోధకులు నూరో వంతు నమూనాను సెంట్రిఫ్యూజ్ అనే గిరగిరా తిప్పే యంత్రంలో 100 రెట్ల గురుత్వం వచ్చేలా తిప్పుతారు. మాకు చూపించడానికి ఇది చాలు.

మొత్తం 4,200 అయింది. నాలుగు స్టార్లు. వెళ్తే డెలివరీ తేదీ బిల్లు మీద రాయించుకోండి. షాపు వెనక నీలం డ్రమ్ము ఉంది, డబ్బిచ్చేముందు అందులో ముంచి బుడగలు చూడండి.