కారు టూల్ కిట్ కాంబో కొంటున్నారా? ముందు జాకీ సంగతి చదవండి

హన్మకొండ, కాజీపేట, వరంగల్‌లో ఎవరైనా ఇంటి దగ్గర కారు చిన్న చిన్న పనులు చేసుకుందామని కాంబో కిట్ కొనబోతుంటే కాసేపు ఆగండి. నేను కొన్నది ఊళ్లోనే, ఒక సామాన్ల దుకాణంలో. ఒకే డబ్బాలో 46 పీసుల గోటీల (నట్లు తిప్పే సాకెట్ల) సెట్టు, 2 టన్నుల బాటిల్ జాకీ, టైర్లలో గాలి కొట్టే చిన్న మిషను. ధర 2,400. విడివిడిగా కొంటే ఇంతకు రెట్టింపు అవుతుందని షాపతను చెప్పాడు.

అసలు భయపెట్టింది జాకీ. మా వ్యాగనార్ ముందు ఎడమ చక్రం విప్పడానికి కారు లేపాం. చక్రం ఊడదీసి, మెకానిక్కులు చేసినట్టే స్టెప్నీని బాడీ కింద అడ్డంగా పడుకోబెట్టాను. నట్లు గిన్నెలో వేసి తలెత్తేసరికి కారు కొంచెం దిగినట్టు అనిపించింది. జాకీ రాడ్డు మొదట్లో నూనె చెమ్మ, అక్కడి నుంచి సన్నటి ధార. వాల్వ్ బిగించినా ఆగలేదు. చప్పుడు లేకుండా అలా దిగుతూ దిగుతూ కారు స్టెప్నీ మీద కూర్చుంది. స్టెప్నీ లేకపోతే బ్రేక్ డిస్కు నేలకు కొట్టుకునేది. మా బావమరిది అంతకుముందే "బావా, కింద సైలెన్సర్ చూస్తా" అంటూ దూరబోతుంటే ఆపాను. ఆపకపోతే ఏమయ్యేదో నేను రాయను.

తర్వాత జాకీని తిప్పి చూస్తే 2 టన్నులు అన్నది ఒట్టి కాగితం స్టిక్కరు. ఇనుము మీద అచ్చు లేదు, తయారీదారు పేరు లేదు. ఇంకోటి. బాటిల్ జాకీ నిలువుగా పొడుగ్గా ఉంటుంది కాబట్టి, పంచరై కిందికి దిగిపోయిన చిన్న కారు కింద చాలాసార్లు దూరనే దూరదు. ఆ పనికి కారుతో వచ్చిన కత్తెర జాకీయే నయం. అదైనా టైరు మార్చడానికే. కిందికి దూరే పనుంటే కారు బరువు మోసే ఇనుప స్టాండ్లు జతగా ఉండాల్సిందే. గట్టి నేల, హ్యాండ్ బ్రేకు, ఎదురు చక్రానికి ముందూ వెనకా రాళ్లు తప్పనిసరి. జాకీ ఎంత మంచిదైనా దాన్ని నమ్మి ఎవరూ కింద పడుకోవద్దు.

ఇక గోటీల సెట్టు. డబ్బా మీద కారు చక్రం పక్కన మెరిసిపోతుంటుంది గానీ, లోపల సైజులు 4 నుంచి 14 ఎంఎం దాకానే. మా బండి టైరు నట్టుకు 19 కావాలి, హ్యుందాయ్ వాళ్లకు 21. అంటే ఈ సెట్టుతో చక్రం విప్పలేరు. సెట్టులో ఉన్న పావు అంగుళం రాట్చెట్‌తో (గోటీ తగిలించి తిప్పే పిడితో) బిగుసుకున్న నట్టును తిప్పితే అదే విరుగుతుంది. మరి బ్యాటరీ టెర్మినల్‌కైనా పనికొస్తుందనుకుంటే, 10 ఎంఎం గోటీ మొదటిసారికే నోరు తెరిచింది, నట్టు మూలలు అరిగి గుండ్రంగా అయిపోయాయి. క్రోమ్ వెనేడియం (గట్టి ఉక్కు రకం) అని రెండు మూడు గోటీల మీదే ఉంది, మిగతావాటి మీద సైజు నంబరు తప్ప ఏమీ లేదు. కొనేటప్పుడు గోటీ లోపల చూడండి. ఆరు మూలలది నట్టును గట్టిగా పట్టుకుంటుంది, పన్నెండు మూలలది పాత తుప్పు నట్ల మీద జారుతుంది.

గాలి మిషను గురించి ఒక్క ముక్క: దాని మీటరు 33 చూపిస్తే, బంకులో 26 వచ్చింది. వేరే గేజ్‌తో పోల్చకుండా దాన్ని నమ్మి హైదరాబాద్ రోడ్డెక్కకండి. గాలి పొద్దున్నే, టైరు చల్లగా ఉన్నప్పుడు చూడాలి. ఎంత కొట్టాలో డ్రైవరు డోరు దగ్గర స్టిక్కరు మీదే ఉంటుంది.

కిట్టు వాపసు ఇవ్వబోతే షాపతను "కిట్టు ఐటమ్‌కు వారంటీ ఉండదు సార్, ఒకసారి అమ్మినంక తీసుకోం" అన్నాడు. బిల్లు అడిగితే కచ్చా చిట్టీ. 2019 వినియోగదారుల చట్టం ప్రకారం బిల్లు ఇవ్వకపోవడమే తప్పు. గడువేమీ రాయకపోతే, పాడైన సరుకును 30 రోజుల లోపు వెనక్కి తీసుకోనంటే అదీ తప్పే. గోడ మీద బోర్డు పెట్టినంత మాత్రాన చట్టం మారదు. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడొచ్చు, నేను ఫిర్యాదు పెట్టాను. డబ్బా మీద తయారీదారు లేదా దిగుమతిదారు చిరునామా, ఎమ్మార్పీ, తయారైన నెల, సంవత్సరం ఉండాలి. నా డబ్బా మీద ఎమ్మార్పీ ఒక్కటే ఉంది, అదీ విడిగా అతికించింది.

అదే డబ్బుతో నేనైతే ఇప్పుడు ఇలా కొంటాను: 17, 19, 21, 23 ఉండే ప్లస్ ఆకారం టైరు పానా, 10, 12, 14, 17 రింగు పానాలు, మంచి గాలి గేజ్. మిగిలింది స్టాండ్ల జతకు దాస్తాను. డబ్బా విప్పి చూపించమంటే మొహం చిట్లించే దుకాణంలో మాత్రం కొనకండి.

జాకీ నా దగ్గరే ఉంచాను. ఫిర్యాదు తేలకుండా ఇచ్చేస్తే నూనె తుడిచి, కొత్త డబ్బాలో పెట్టి ఇంకొకరికి అమ్మరన్న నమ్మకం నాకైతే లేదు.