ఖిలా వరంగల్‌లో ముందు చూడాల్సింది రాతికోటా, మట్టికోటా?

శత్రువును ఆపడానికి కట్టిన గట్టి గోడలు చూడాలంటే ఫ్రాన్స్ తీరానికే పోనక్కర్లేదు. అక్కడ రెండో ప్రపంచ యుద్ధంలో జర్మన్లు బంకర్లకు 2 మీటర్ల మందాన కాంక్రీటు పోశారు. మన కాకతీయులు 13వ శతాబ్దంలోనే ఖిలా వరంగల్‌లో మట్టితో, రాయితో అదే పని చేశారు.

ఖిలాకు వచ్చేవాళ్లు దాదాపు అందరూ కీర్తి తోరణాల దగ్గర ఫొటోలు దిగి వెళ్లిపోతారు. కాస్త టైం ఉంటే రాతికోట చూస్తారు. చూడాల్సిందే. సున్నం లేకుండా పేర్చిన గ్రానైట్ దిమ్మెల మధ్య వేలు పెట్టి చూడండి, గోరు కూడా సరిగా దూరదు. ద్వారం దారి తిన్నగా ఉండదు, మలుపు తిరుగుతుంది. లోపలికి దూసుకొచ్చిన సైన్యం అక్కడ ఆగి తిరగాల్సిందే, ఆలోగా పైనుంచి దెబ్బ పడుతుంది. లోపలి వైపు గోడ పొడవునా మెట్లున్నాయి కాబట్టి పిల్లలతో వెళ్లినా ఇబ్బంది లేదు.

నా ఓటు మాత్రం మట్టికోటకే, అంటే రాతికోట బయట చుట్టూ ఉన్న మట్టిగోడకే. పైకి చూస్తే చెరువు కట్టలా ఉంటుంది, బోర్డు కూడా కనిపించదు. కానీ 1310లో ఢిల్లీ సుల్తాను సేనాని మాలిక్ కాఫూర్ ముట్టడించినప్పుడు, ఉక్కు బల్లెం కూడా ఈ మట్టిలో దిగదని ఢిల్లీ కవి అమీర్ ఖుస్రో రాశాడు. విసిరిన రాళ్లు బంతుల్లా వెనక్కి వచ్చేవట! శత్రు పక్షం వాడే అలా మెచ్చుకున్నాడు.

ఇప్పుడా కట్టను దారులు, ఇళ్లు అక్కడక్కడా కోసేశాయి. చూస్తే కడుపు తరుక్కుపోతుంది. అందుకే పొద్దున చల్లగా ఉన్నప్పుడే, బూట్లు వేసుకుని మట్టికోట ఎక్కండి. రాతికోట సాయంత్రానికి ఉంచుకోవచ్చు.