పట్టీ లెక్కల కోడ్‌కి కాపలా: రఫ్, పైలింట్, మైపై, సోనార్‌క్యూబ్‌లలో ఏది మేలు?

గుంటూరు మిర్చి యార్డు చుట్టుపక్కల కమీషన్ కొట్లకీ, కోల్డ్ స్టోరేజీలకీ, విజయవాడ ఆటోనగర్ విడిభాగాల షాపులకీ బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ రాసిచ్చే టీమ్‌లలో చాలావరకు ముగ్గురో నలుగురో ఉంటారు. రాసిన కుర్రాడు ఏడాదికో రెండేళ్లకో హైదరాబాద్ వెళ్లిపోతాడు. కోడ్ మాత్రం ఆ కొట్లో ఏళ్ల తరబడి నడవాలి. ఆ తర్వాత వచ్చినవాళ్లు దాన్ని చదవాలి, మార్చాలి, మారిస్తే ఏదీ విరగకూడదు. కోడ్‌ని నడపకుండానే చదివి తప్పులు పట్టే స్టాటిక్ అనాలిసిస్ పనిముట్లు పెద్ద కంపెనీల కన్నా ఇలాంటి చిన్న టీమ్‌లకే ఎక్కువ అవసరం, ఎందుకంటే ఇక్కడ రెండో కంటితో కోడ్ చూసేవాళ్లు తక్కువ.

ఇక్కడ పైథాన్‌తో, దాని వెబ్ ఫ్రేమ్‌వర్క్ జాంగోతో రాసిన కోడ్ గురించే మాట్లాడుకుందాం. రఫ్, పైలింట్ కోడ్‌లో పొరపాట్లు వెతికే లింటర్లు, మైపై టైపులు సరిపోయాయో లేదో చూస్తుంది, సోనార్‌క్యూబ్ ఒక సర్వర్ మీద నడుస్తూ నాణ్యత రిపోర్టులిస్తుంది. ముందుగా తేల్చి చెప్పాల్సింది ఇది: మొదట రఫ్ పెట్టుకోండి, దాని వెంటే డబ్బు లెక్కలుండే ఫైళ్ల వరకు మైపై. పైలింట్ వారానికోసారి చాలు. సోనార్‌క్యూబ్ ఆఖర్న, అదీ దాని సర్వర్‌ని చూసుకునే మనిషి ఉంటేనే. రిపోర్టు ఎంత ఘనంగా వస్తుందన్నది కాదు, తప్పు రాసిన చోటే, రాసిన నిమిషంలోనే కనబడుతుందా లేదా అన్నదే కొలత.

ఒకే తప్పుని వీటన్నిటి ముందూ పెట్టి చూద్దాం. రైతు పట్టీలో, అంటే సరుకు అమ్మాక రైతుకిచ్చే లెక్క చీటీలో, కోతలు కలిపే ఫంక్షన్ ఉంది. దానికి కోతల లిస్టు ఒక పారామీటర్, ఏమీ ఇవ్వకపోతే ఖాళీ లిస్టు అని డిఫాల్ట్ పెట్టారు. పైథాన్ ఆ ఖాళీ లిస్టుని ఫంక్షన్ నిర్వచించేటప్పుడు ఒక్కసారే తయారు చేస్తుంది, పిలిచిన ప్రతిసారీ కొత్తది చేయదు. మొదటి రైతు హమాలీ కోత అందులో పడుతుంది. రెండో రైతు పట్టీ కొట్టేసరికి ఆయన హమాలీతో పాటు మొదటాయనదీ కలిసిపోతుంది. సర్వర్ రీస్టార్ట్ అయితే లిస్టు మళ్లీ ఖాళీ, అందుకే రైతు వచ్చి అడిగినప్పుడు అదే పట్టీ మళ్లీ తీస్తే లెక్క సరిగ్గానే వస్తుంది. సర్వర్‌లో నాలుగు వర్కర్లు నడుస్తుంటే నాలుగు వేర్వేరు లిస్టులు, కాబట్టి తప్పు ఒకసారి కనబడుతుంది, ఒకసారి కనబడదు.

పైలింట్ దీన్ని ఏ సెట్టింగూ మార్చకుండానే పట్టుకుంటుంది, డబ్ల్యూ0102 అనే హెచ్చరికగా. రఫ్‌లో దీనికి బి006 అనే రూల్ ఉంది. కానీ సెట్టింగులేవీ రాయకుండా ఉత్తి రఫ్ నడిపితే ఎఫ్ (F) వర్గం రూల్సూ, ఈ (E) అనే వర్గంలో కొన్నీ మాత్రమే చూస్తుంది, బి వర్గాన్ని ముట్టుకోదు. రఫ్ పెట్టుకున్నామన్న ధీమాతో ఉన్న టీమ్‌లు చాలావరకు ఇక్కడే దెబ్బతింటాయి. పైప్రాజెక్ట్ టామ్ల్ (pyproject.toml) అనే సెట్టింగుల ఫైల్‌లో సెలెక్ట్ లిస్టులోకి ఈ, ఎఫ్‌లతో పాటు బి కూడా రాయాలి. మైపై దీన్ని చూడనే చూడదు, ఎందుకంటే లిస్టు ఇవ్వమన్న చోట లిస్టే ఉంది, టైపు సరిపోయింది.

ఇంకో తప్పు. సర్వర్ గడియారం సాధారణంగా యూటీసీలో ఉంటుంది, మన సమయం దానికన్నా 5.30 గంటలు ముందు. జాంగో టైమ్‌జోన్ సెట్టింగూ యూటీసీగానే ఉండి, టైమ్‌జోన్ చెప్పకుండా ఈరోజు తేదీ అడిగితే, అర్ధరాత్రి దాటాక తెల్లవారుజామున 5.30 లోపు పడిన ఎంట్రీలన్నీ ముందు రోజు తేదీతో పడతాయి. యార్డుకి లారీలు వచ్చేది రాత్రిళ్లే, సరుకు ఎంట్రీలు పడేదీ అప్పుడే. రఫ్‌లో డీటీజెడ్ వర్గం రూల్స్ ఇలాంటి పిలుపుల్ని వరసగా చూపిస్తాయి, డీటీజెడ్005, డీటీజెడ్011 ముఖ్యమైనవి. ఇవీ డిఫాల్ట్‌లో లేవు. వ్యాపారం లెక్కలు రాసే ప్రతి టీమూ బి తర్వాత కలుపుకోవాల్సిన రెండో వర్గం ఇదే.

రఫ్ మొదట 2022లో వచ్చింది, రస్ట్‌లో రాశారు. ఫ్లేక్8, ఐసార్ట్, బ్లాక్ అని మూడు పనిముట్లు విడివిడిగా చేసే పనిని దాదాపుగా ఇదొక్కటే చేస్తుంది. నలభై యాభై వేల లైన్ల కోడ్ అయినా రెప్పపాటులో చూసేస్తుంది. ఈ వేగం ఆడంబరం కాదు. కమిట్ చేసేముందు ప్రతిసారీ నడిచే పని ఒక్క సెకను తీసుకుంటే ఎవరూ దాన్ని ఆపేయరు. అరనిమిషం తీసుకుంటే మాత్రం, కొట్టు నుంచి ఫోన్ మీద ఫోన్ వస్తున్నప్పుడు నో వెరిఫై అని కొట్టి దాటేస్తారు. పైలింట్ నెమ్మదిగా నడవడానికి కారణం ఉంది: ఒక వేరియబుల్‌లోకి ఏ రకం వస్తువు వస్తుందో ఫైళ్ల మధ్య తిరిగి ఊహించుకుంటుంది. ఆ శ్రమకి ఫలితం కూడా ఉంది. ఒకదాన్నొకటి ఇంపోర్ట్ చేసుకుంటూ చుట్టుకుపోయిన ఫైళ్లని ఆర్0401గా, రెండు ఫైళ్లలో కాపీ కొట్టిన కోడ్‌ని ఆర్0801గా చూపిస్తుంది. రఫ్‌లో ఈ రెండూ లేవు. కమీషన్ లెక్కని కాపీ చేసి రెండో కొట్టు కోసం కొంచెం మార్చి పెట్టుకున్న కోడ్‌లో ఆర్0801 ఎంత విలువైనదో, ఒక చోట సరిదిద్ది రెండో చోట మరిచిపోయినప్పుడు తెలుస్తుంది.

పైలింట్‌తో చిక్కు వేరే. జాంగో కోడ్ మీద దాన్ని నేరుగా నడిపితే లేని తప్పులు కూడా చూపిస్తుంది, మోడల్‌కి ఆ ఆట్రిబ్యూట్ లేదంటూ ఈ1101 వరదలా వస్తుంది. పైలింట్ జాంగో అనే ప్లగిన్ పెడితే చాలావరకు తగ్గుతుంది. పదికి ఇన్ని మార్కులని చివర్లో అది ఇచ్చే స్కోరుని పట్టించుకోకండి. డాక్‌స్ట్రింగులు రాసేసి మార్కులు పెంచుకోవచ్చు, పట్టీ లెక్క తప్పు తప్పుగానే ఉంటుంది. వారానికోసారి నడిపే జాబ్‌లో ముందు అన్నీ డిసేబుల్ చేసి, ఈ (E) వర్గమూ, పైన చెప్పిన రెండు ఆర్ రూల్సూ మాత్రమే ఎనేబుల్ చేస్తే చదవదగ్గ రిపోర్టు వస్తుంది.

మైపై చేసే పని పూర్తిగా వేరు కాబట్టి రఫ్‌కి అది పోటీ కాదు, జోడీ. మిర్చి ధర క్వింటాకి చెబుతారు, కాటా కిలోల్లో వస్తుంది. కిలోలని నూరుతో భాగించకుండా ధరతో గుణించిన లైను ఏ లింటర్‌కీ తప్పుగా కనబడదు, రెండూ అంకెలే కదా. ఒక్క పట్టీ మీదైతే నూరు రెట్లు కంటికి ఆనుతుంది, నెలాఖరు స్టాక్ విలువలో ఎక్కడో కలిసిపోతే వెతకడం కష్టం. పైథాన్‌లో కొత్త టైపు పేరు పెట్టే న్యూటైప్‌తో డెసిమల్ మీద కిలో అనీ, క్వింటా అనీ రెండు టైపులు చేసి, పట్టీ ఫంక్షన్ క్వింటానే తీసుకుంటుందని రాయండి. ఎవరైనా కిలో పంపిస్తే మైపై ఆ లైను దగ్గరే ఆపుతుంది. ఒకటి గుర్తుంచుకోవాలి: రెండు విలువల్ని గుణించగానే ఫలితం మళ్లీ మామూలు డెసిమల్ అయిపోతుంది. అందుకని కిలోల నుంచి క్వింటాళ్లకి మార్చే ఫంక్షన్ ఒక్కటే ఉండాలి, మిగతా కోడంతా దాని గుండానే పోవాలి.

డెసిమల్‌ని ఫ్లోట్‌తో గుణించడం, డేటాబేస్‌లో వెతికి ఫస్ట్ అని పిలిచాక రైతు దొరకలేదేమో చూడకుండా ఆయన పేరు తీయడం, ఇవి రెండూ నడిచేటప్పుడు కూలిపోయే తప్పులు. మైపై ఇవి ముందే చెబుతుంది, రెండోదానికి జాంగో స్టబ్స్ ప్లగిన్ కావాలి. అయితే టైపులు రాయని ఫంక్షన్ లోపలికి మైపై మామూలుగా తొంగి కూడా చూడదు. పాత కోడ్ మొత్తం మీద నడిపితే తప్పులేమీ లేవని పచ్చగా చెప్పేస్తుంది, నిజానికి అది చూసింది ఏమీ ఉండదు. చెక్ అన్‌టైప్డ్ డెఫ్స్ అనే సెట్టింగ్ ఆన్ చేయండి, అప్పుడు వాటి లోపలా చూస్తుంది. పట్టీ, వడ్డీ, కోల్డ్ స్టోరేజీ అద్దె లెక్కలుండే మాడ్యూల్స్‌కి మాత్రం టైపులు రాయని ఫంక్షన్‌ని ఒప్పుకోని డిసలౌ అన్‌టైప్డ్ డెఫ్స్ కూడా పెట్టండి, ఒక్కో మాడ్యూల్‌కి విడిగా పెట్టే వీలుంది. కోడ్ మొత్తానికి మొదటిరోజే స్ట్రిక్ట్ పెడితే వేలల్లో వచ్చే లైన్లు చూసి టీమ్ మైపైనే తీసేస్తుంది.

సోనార్‌క్యూబ్ చూపించేంత బాగా ఇవేవీ చూపించవు. చరిత్ర, కాపీ కోడ్ శాతం, ఫంక్షన్ ఎంత చిక్కుపడిందో చెప్పే కాగ్నిటివ్ కాంప్లెక్సిటీ, అన్నీ బ్రౌజర్‌లో చక్కగా కనబడతాయి. ఉచితంగా దొరికే కమ్యూనిటీ బిల్డ్‌ని మన సర్వర్ మీదే పెట్టుకోవచ్చు, క్లయింట్ కోడ్ బయటికి పోదు. ఖర్చు వేరేచోట ఉంటుంది. వెబ్, కంప్యూట్ ఇంజిన్, ఎలాస్టిక్‌సెర్చ్ అని మూడు జావా ప్రాసెస్‌లు నడుస్తాయి, 4 జీబీ ర్యామ్ కన్నా తక్కువున్న మెషీన్ మీద పెట్టకండి. లినక్స్‌లో వీఎం మ్యాక్స్ మ్యాప్ కౌంట్ అనే మెమరీ సెట్టింగ్ కనీసం 524288 ఉండాలని సోనార్ అడుగుతుంది, అది మరీ తక్కువుంటే ఎలాస్టిక్‌సెర్చ్ లేవదు, రూట్ యూజర్‌తో నడిపినా లేవదు. డిస్క్ నిండుకొస్తే ఇండెక్స్ రీడ్ ఓన్లీ అయిపోతుంది. దాంతో పాటు వచ్చే హెచ్2 డేటాబేస్ పరీక్షించి చూడ్డానికే, వెర్షన్ పెంచితే పాత చరిత్ర వెంట రాదు, కాబట్టి మొదటిరోజే పోస్ట్‌గ్రెస్ పెట్టాలి.

అంతకన్నా పెద్ద లోటు, ఉచిత వెర్షన్ ప్రధాన బ్రాంచ్ ఒక్కదాన్నే చూస్తుంది. అంటే తప్పు మెర్జ్ అయ్యాకే కనబడుతుంది. యూజర్ ఇచ్చిన మాట ఎస్‌క్యూఎల్ దాకా ఎలా పాకుతుందో వెంబడించే విశ్లేషణ కూడా డబ్బు కట్టిన ఎడిషన్లలోనే. ఇక కోడ్ పాసో ఫెయిలో తేల్చే సోనార్ వే అనే డిఫాల్ట్ గేటు కొత్త కోడ్‌లో 80 శాతం టెస్ట్ కవరేజీ అడుగుతుంది, అంటే అంత కోడ్‌ని టెస్టులు నడిపి చూసి ఉండాలి. టెస్టులే లేని టీమ్‌కి చిన్న మార్పులు దాటిపోతాయి, ఎందుకంటే కొత్త లైన్లు 20 కన్నా తక్కువుంటే ఆ షరతు వర్తించదు. పెద్ద మార్పు రాగానే గేటు పడిపోతుంది. కారణం తెలియక గేటునే తీసేస్తారు. గిట్‌హబ్ యాక్షన్స్‌లో నడిపేవాళ్లు ఫెచ్ డెప్త్ 0 పెట్టాలి. మామూలు చెకౌట్ ఆఖరి కమిట్ ఒక్కటే తెస్తుంది, ఏ లైను ఎప్పుడు రాశారో సోనార్‌కి తెలియక పాత కోడ్‌ని కొత్తదిగా లెక్కేస్తుంది.

ఎనిమిది పదిమంది ఉండి, నాలుగైదు ప్రాజెక్టులు నడుస్తూ, నెలనెలా నాణ్యత రిపోర్టు ఇవ్వమని క్లయింట్ అడుగుతుంటే సోనార్ పెట్టుకోవడం న్యాయమే. అప్పుడు కూడా రఫ్ తీయకండి.

ఫ్లేక్8, బ్లాక్ ఇప్పటికే సజావుగా నడుస్తుంటే రఫ్‌కి మారడానికి తొందరేమీ లేదు. సొంతంగా రాసుకున్న ఫ్లేక్8 ప్లగిన్లుంటే అసలు మారకపోవడమే నయం, రఫ్‌లో సొంత ప్లగిన్లకి చోటు లేదు. సొంత రూల్స్ కొత్తగా రాసుకోవాలంటే సెమ్‌గ్రెప్ అనే పనిముట్టు తేలిక, కోడ్ నమూనానే యామ్ల్ ఫైల్‌లో రాస్తే సరిపోతుంది.

పెట్టే వరస ముఖ్యం. మొదట రఫ్ ఫార్మాట్ ఒక్కటే నడిపి, అదొక్కటే ఉన్న కమిట్ చేయండి, ఆ కమిట్ నంబరుని గిట్ బ్లేమ్ ఇగ్నోర్ రెవ్స్ ఫైల్‌లో రాయండి. లేకపోతే ఈ లైను ఎవరు ఎందుకు రాశారని వెతికితే ప్రతి లైనుకీ ఫార్మాట్ చేసినవాడి పేరే వస్తుంది. తర్వాత రూల్స్ ఈ, ఎఫ్, బి, డీటీజెడ్. సెలెక్ట్‌లో ఆల్ అని రాయొద్దు, వెర్షన్ పెరిగినప్పుడల్లా కొత్త రూల్స్ వచ్చిపడి బిల్డ్ ఆగుతుంది. పాత హెచ్చరికలన్నీ ఒకేసారి సరిచేయబోకండి, రఫ్ చెక్‌కి యాడ్ నోక్యూఏ ఇస్తే పాతవాటి పక్కన గుర్తు పెట్టి వదిలేస్తుంది, కొత్త తప్పులు మాత్రమే ఆపుతుంది. పాత లైను ఎప్పుడైనా ముట్టుకుంటే అప్పుడు సరిచేసి గుర్తు తీసేయాలి, సెలెక్ట్‌లో ఆర్‌యూఎఫ్100 (RUF100) రూల్ కూడా రాస్తే, అవసరం తీరినా మిగిలిపోయిన గుర్తుల్ని అది చూపిస్తుంది.

తప్పుల్ని రఫ్ తనే సరిచేసే ఫిక్స్ ఫ్లాగ్‌తో ఒక ప్రమాదం ఉంది, జాంగో వాడేవాళ్లకి మరీ. యాప్స్ ఫైల్‌లో రెడీ ఫంక్షన్ లోపల సిగ్నల్స్‌ని ఇంపోర్ట్ చేస్తాం. ఆ పేరుని తర్వాత ఎక్కడా వాడం, ఇంపోర్ట్ అవడమే దాని పని. రఫ్‌కి అది వాడని ఇంపోర్ట్, ఎఫ్401, తీసేస్తుంది. ఎక్కడా ఎర్రర్ రాదు. పట్టీ సేవ్ అవుతుంది, దాని వెంట స్టాక్ నుంచి టిక్కీలు (మిర్చి బస్తాలు) తగ్గాల్సిన సిగ్నల్ మాత్రం మోగదు. ఫిక్స్ నడిపేముందే ఆ లైను పక్కన నోక్యూఏ ఎఫ్401 అని రాయండి. ఫిక్స్ అయ్యాక గిట్ డిఫ్‌లో పోయిన ఇంపోర్టులన్నీ ఒక్కొక్కటిగా చదవండి.

కమిట్‌కి ముందు మన మెషీన్ మీద నడిచే ప్రీకమిట్‌లో రఫ్, కోడ్ పంపాక సర్వర్ మీద దానంతటదే నడిచే సీఐలో రఫ్, మైపై రెండూ ఉండాలి, ప్రీకమిట్‌ని దాటేయొచ్చు కానీ సీఐని దాటలేరు. రెండు చోట్లా రఫ్ వెర్షన్ ఒక్కటే ఉండేలా నంబరు రాసి బిగించండి, లేకపోతే ఇక్కడ పాసైనది అక్కడ ఫెయిలవుతుంది. ఆ నంబరు పెంచేటప్పుడు విడిగా ఒక కమిట్‌గా పెంచండి. యార్డుకి సరుకు ముమ్మరంగా వచ్చే ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా దాన్ని ముట్టుకోకుండా, యార్డుకి వేసవి సెలవులిచ్చే మే నెలలో పెంచితే, కొత్త రూల్స్ చూపించిన లైన్లని తీరిగ్గా చదివే వ్యవధి దొరుకుతుంది.