కాలు తీసేసిన కుక్కని గదిలో ఉంచాలా, వసారాలోనా?

మా శ్రీకాకుళం వైపు ఇళ్లలో కుక్క చోటంటే వసారాయే. కానీ ఆపరేషన్‌లో ముందరి కాలు ఒకటి తీసేసి ఇంటికి తెచ్చిన కుక్కకి అది సరిపోతుందా?

వసారాలో గాలి బాగా ఆడుతుంది, దానికి అలవాటైన చోటు కూడా. అయితే గొలుసుతో కట్టాలి. వీధిలో ఇంకో కుక్క మొరిగితే చాలు, ఒక్క ఉదుటున లేస్తుంది, కుట్లు లాగేస్తాయి. నాకు అంతకంటే భయం ఈగలు. తడి పుండు మీద వాలి గుడ్లు పెడితే రోజు తిరిగేసరికి పురుగులు పడొచ్చు.

గదిలో ఓ మూల అడ్డుపెట్టి ఉంచితే ఈ రెండు బాధలూ చాలావరకు తప్పుతాయి. ఇబ్బందల్లా టైల్స్ నేల. కుక్క బరువులో సుమారు 60 శాతం ముందు కాళ్ల మీదే ఉంటుంది. ఒకటి పోయాక నున్నటి నేల మీద రెండోది పక్కకి జారిపోతుంది, పాపం గోళ్లతో నేలని పట్టుకోవాలని చూస్తుంది. గోనె పట్టాలు పరిచి అంచులు టేపుతో అంటించండి. నీళ్ల గిన్నె చిన్న పీట మీద పెట్టండి. కరెంటు పోతే ఉక్కపోత తప్పదు, కిటికీ తెరవాలి కాబట్టి దానికి దోమల మెష్ ఉండాలి.

కుట్లు విప్పే 10-14 రోజులూ గదే మంచిదని నా మాట. నొప్పికి మాత్రం ఎక్కడున్నా పశువుల డాక్టర్ రాసిన మందే వేయండి. మనం వాడే ఐబుప్రొఫెన్ దాని కడుపునీ కిడ్నీలనీ దెబ్బతీస్తుంది.