బోలెక్స్ హెచ్16 రివ్యూ: ఫిల్మ్ బేసిక్స్ నేర్చుకోవడానికి పనికొస్తుందా?

ఫోన్‌లోనే సినిమాలు తీసేస్తున్న రోజుల్లో 16 ఎంఎం ఫిల్మ్ కెమెరాకి రివ్యూ ఏంటండీ అంటారేమో, ఫిల్మ్ ఎలా పనిచేస్తుందో చేత్తో పట్టుకుని తెలుసుకోవాలి అనుకునేవాళ్లకి మాత్రం దీన్ని మించింది నాకైతే కనపడలేదు.

స్విట్జర్లాండ్ సరుకు, మొదటిది 1935లో వచ్చింది. బ్యాటరీ గొడవే లేదు, పక్కనున్న హ్యాండిల్ తిప్పి కీ ఇస్తే 24 ఫ్రేముల స్పీడులో దాదాపు 28 సెకన్లు నడుస్తుంది, తర్వాత ఆగిపోద్ది, మళ్లీ కీ ఇవ్వాల్సిందే. మొదట చిరాకొస్తుంది. కానీ రికార్డ్ నొక్కేసి మిగతాది ఎడిటింగ్‌లో చూసుకుందాంలే అనే డిజిటల్ అలవాటుని ఇదే వదిలిస్తుంది, షాట్ ఎక్కడ మొదలై ఎక్కడ ఆగాలో ముందే తేల్చుకోకపోతే కుదరదు. పైగా 100 అడుగుల రోల్ అంటే అడుక్కి 40 చొప్పున 4000 ఫ్రేములు, మొత్తం కలిపి 2 నిమిషాల 46 సెకన్లే!

నాకు బాగా నచ్చింది లోడింగ్. డేలైట్ స్పూల్ (అంచులు వెలుతురుని అడ్డుకునే రీలు) కాబట్టి చీకటి గది అక్కర్లేదు, నీడ చాలు, మొదట్లో చివర్లో కొన్ని అడుగులు వెలుతురు తగిలి ఎలాగూ పోతాయి. ఫిల్మ్ కొసని లోపలున్న కట్టర్‌తో కత్తిరించి, మోటార్ ఆన్ చేసి అందిస్తే తనే లూప్ (వదులుగా ఉండే వంపు) వేసుకుంటూ గేట్ (లెన్స్ వెనక ఫిల్మ్ మీద వెలుతురు పడే చోటు) దాటి బయటికొస్తుంది. లూప్ ఎందుకో అక్కడ కళ్లారా తెలుస్తుంది, స్పూల్ నుంచి ఫిల్మ్ ఆగకుండా వస్తూనే ఉంటుంది కానీ గేట్ దగ్గర ప్రతి ఫ్రేమూ ఒక్క క్షణం నిలబడి, ఎక్స్‌పోజ్ అయ్యాక కదలాలి కదా, ఆ మధ్యలో కాస్త వదులు లేకపోతే ఫిల్మ్ చిరిగిపోద్ది.

ఎక్స్‌పోజర్‌కి, అంటే ఫిల్మ్ మీద ఎంత వెలుతురు పడాలో తేల్చడానికి, లైట్ మీటరే దిక్కు. కోడాక్ 500టీ అనే కలర్ నెగటివ్ ఫిల్మ్ వేశారనుకోండి, అది 3200 కెల్విన్ టంగ్‌స్టన్ లైట్‌కి, అంటే పసుపు బల్బుల వెలుగుకి చేసింది, ఎండలో తీయాలంటే 85 అనే నారింజ ఫిల్టర్ పెట్టి, అది కొంత వెలుతురు ఆపేస్తుంది కాబట్టి మీటర్‌లో ఫిల్మ్ స్పీడు 500 నుంచి 320కి మార్చాలి. డిజిటల్‌లో హైలైట్స్ (బాగా వెలుగున్న భాగాలు) పోతాయని భయపడతాం, కలర్ నెగటివ్‌లో ఆ భయం నీడల మీద పెట్టుకోవాలి, కొంచెం ఎక్కువ లైట్ తగిలినా తట్టుకుంటుంది, తక్కువైతే నీడల్లో ఏమీ ఉండదు.

మైనస్‌లా? గరగరా సౌండ్, స్ప్రింగ్ స్పీడు సింక్‌కి (మాటా బొమ్మా కలవడానికి) సరిపోదు, కాబట్టి డైలాగ్ సీన్లు మర్చిపోండి. లెన్స్ గుండానే చూసే రిఫ్లెక్స్ మోడల్‌లో కూడా ఐరిస్ (లెన్స్‌లో వెలుతురు వచ్చే రంధ్రం) మూసేకొద్దీ వ్యూఫైండర్ చీకటైపోతుంది. ల్యాబ్ ఖర్చు సంగతి చెప్పక్కర్లేదు. అందుకే కలర్ కన్నా ముందు ట్రై-ఎక్స్ 7266 బ్లాక్ అండ్ వైట్ రివర్సల్‌తో మొదలెట్టడం మంచిది, డెవలప్ అవ్వగానే నేరుగా పాజిటివ్, అంటే మామూలు బొమ్మే వస్తుంది, లైట్ ముందు పెట్టి ఎక్స్‌పోజర్ ఎక్కడ తప్పిందో చూసేసుకోవచ్చు. దానికి లాటిట్యూడ్ (ఎక్స్‌పోజర్ తప్పుని తట్టుకునే శక్తి) తక్కువ, తప్పు దాచదు.

సెకండ్ హ్యాండ్‌లో కొనేవాళ్లకి రెండు ముక్కలు. బాగా పాత మోడల్స్‌కి రెండు వైపులా చిల్లులున్న ఫిల్మే కావాలి, ఇప్పుడు ఎక్కువగా దొరికేది ఒకవైపు చిల్లులది, కాబట్టి ఆ కెమెరాకి ఏ ఫిల్మ్ పడుతుందో అడిగి తీసుకోండి. అలాగే కీ నిండా ఇచ్చి 24లో వదిలి వినండి, మధ్యలో చప్పుడు మందగిస్తే సర్వీసింగ్ ఖర్చు మీ నెత్తినే. ఫిల్మ్ లేకుండా పెద్ద స్పీడులో మాత్రం నడపకండి.